మొదటి హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్: మన కొండలకు ఏది సరిపోతుంది?

కొండలెక్కే అలవాటు కాస్త ముదిరాక దాదాపు అందరికీ ఈ సందేహం వస్తుంది. చేతిలో ఫోన్ ఉండగా వేలకు వేలు పోసి, దారి చూపడానికే చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం విడిగా ఒకటి కొనడం అవసరమా? అవసరమైతే ఏది కొనాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రెక్ నిర్వాహకుల బ్యాచ్‌తో ఏడాదికోసారి హిమాలయాలకు వెళ్లొచ్చేవారికి ఇది అక్కర్లేదు. సొంతంగా దారి చూసుకుంటూ, పది మందిని వెంటేసుకుని, సిగ్నల్ లేని అడవుల్లో తిరిగేవారికి మాత్రం కచ్చితంగా కావాలి. అలాంటివారు మొదటిసారి కొనేటప్పుడు మూడు విషయాలు చూస్తే చాలు: బటన్లు ఉండాలి, మామూలు సెల్స్‌తో నడవాలి, లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉండాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు ఫోన్ సంగతి తేల్చుకుందాం. అసలు పోటీ దానితోనే.

సిమ్ సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేయదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతాలు పంపుతుంటాయి. మన ఫోన్ వాటిని వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా లొకేషన్ వస్తుంది. సిగ్నల్ లేనిచోట రానిది మ్యాప్ బొమ్మ, ఎందుకంటే అది ఇంటర్నెట్ నుంచి దిగాలి. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ లాంటి యాప్‌లలో మన రాష్ట్రం మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళితే ఆ ఇబ్బంది కూడా తీరిపోతుంది. పైసా ఖర్చు లేదు. ఫోన్ స్క్రీన్ పెద్దది, మ్యాప్ కదపడం తేలిక, లొకేషన్ పట్టడంలో కూడా ఈ మధ్య వచ్చిన ఫోన్లు చాలా మెరుగయ్యాయి. అనంతగిరిలోనో వంజంగిలోనో ఒక పూట నడకకు ఇది సరిపోతుంది. హిమాలయాల్లోని కేదార్‌కంఠ లాంటి చోట గైడ్ ముందు నడుస్తుంటే, ఫోన్‌కు తోడు ఒక 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంటే చాలు. ఆ డబ్బు మంచి బూట్ల మీద పెట్టండి.

ఫోన్‌కు కష్టం వచ్చేది రెండో రోజు నుంచి. నల్లమలలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోతే ఫోన్ టవర్ కోసం వెతికి వెతికి సాయంత్రానికి డీలా పడుతుంది. ఫొటోలూ దాంతోనే, టార్చీ దాంతోనే, అత్యవసరంగా ఎవరికైనా ఫోన్ చేయాలన్నా అదే. దారి చూపించే వస్తువు, సాయం పిలిచే వస్తువు ఒకటే అయితే ఒక్కసారి రాయి మీద పడితే రెండూ పోతాయి. దానికి తోడు వాన. తడిసిన స్క్రీన్ మీద తడి వేలు పెడితే మ్యాప్ దానంతటదే జూమ్ అవుతుంది, ఎక్కడికో జరిగిపోతుంది. జూలై, ఆగస్టుల్లో జలపాతాలు చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఇది తెలిసిన బాధే. విడిగా జీపీఎస్ ఉంటే ఫోన్ అడుగున సంచిలో, జిప్ కవర్లో, ఫుల్ చార్జ్‌తో నిశ్చింతగా ఉంటుంది. నా దృష్టిలో హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ కొనడానికి అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. కచ్చితత్వం కోసం కొంటున్నామనుకుంటే నిరాశే మిగులుతుంది, అందులో ఫోన్‌కూ దీనికీ పెద్ద తేడా కనపడకపోవచ్చు.

జీపీఎస్ వాచీల గురించీ అడుగుతుంటారు. నడిచిన దారి రికార్డు చేయడానికి అవి బాగుంటాయి. కానీ మూడు దారులు చీలే చోట నిలబడి అంత చిన్న తెర మీద మ్యాప్ చూసి నిర్ణయం తీసుకోవడం కష్టం. రెండో పరికరంగా సరే.

షాపులో చూసి మోసపోయేది ఇక్కడే

హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్‌ను షాపులో ట్యూబ్‌లైట్ కింద మొదటిసారి చూసినవాళ్లు పెదవి విరుస్తారు. తెర చిన్నది, రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి, పక్కనే ఉన్న ఫోన్‌తో పోలిస్తే పాతకాలం వస్తువులా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని ఒక్కసారి బయట ఎండలోకి రండి. ఫోన్ స్క్రీన్ ఎండలో నల్లగా మాడిపోతుంటే, ఇది ఎండ పడేకొద్దీ స్పష్టంగా వెలుగుతుంది. మీద పడిన వెలుతురునే వెనక్కి తిప్పి చూపించే తెర ఇది. పగలంతా బ్యాక్‌లైట్ ఆపేసినా చదవొచ్చు, బ్యాటరీ రోజుల తరబడి రావడానికి ఒక ముఖ్య కారణం అదే. కాబట్టి తెర బాగుందో లేదో తేల్చుకోవాల్సింది మిట్టమధ్యాహ్నం, ఆరుబయట.

ఇక సెల్స్. కొన్ని మోడళ్లు గోడ గడియారంలో వేసే ఏఏ సైజు సెల్స్ రెండింటితో నడుస్తాయి. కొన్నిటికి ఫోన్‌లాగే లోపలే బ్యాటరీ ఉంటుంది. మొదటి కొనుగోలుకు నా ఓటు ఏఏ సెల్స్‌కే. ఏ మండల కేంద్రంలోనైనా, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. అయిపోతే నిమిషంలో మార్చుకుని నడక సాగించొచ్చు, చార్జింగ్ పెట్టుకుని కూర్చోవక్కర్లేదు. ఏళ్లు గడిచి బ్యాటరీ నీరసపడితే పరికరం మొత్తం మూలన పడేయాల్సిన పనీ ఉండదు. రోజువారీ వాడకానికి రీచార్జబుల్ ఎన్‌ఐఎంహెచ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్) సెల్స్ నాలుగు కొనుక్కుంటే ఏళ్లకేళ్లు వస్తాయి. మంచులోకి వెళ్లేటప్పుడు మాత్రం మామూలు ఆల్కలైన్ సెల్స్‌ను నమ్ముకోవద్దు, చలికి అవి తొందరగా చేతులెత్తేస్తాయి. రీచార్జ్ చేయలేని లిథియం ఏఏ సెల్స్ ఖరీదెక్కువైనా చలికి బాగా తట్టుకుంటాయి, బరువూ తక్కువ.

దిక్సూచి దగ్గర కాస్త ఆగాలి. దాని విలువ కొనేటప్పుడు అర్థం కాదు, అడవిలో అర్థమవుతుంది. మామూలు జీపీఎస్‌కు మీరు ఎక్కడున్నారో తెలుసు, మీ ముఖం ఎటువైపు ఉందో తెలియదు. పది అడుగులు నడిస్తేనే, రెండు స్థానాలను పోల్చి, మీరు ఎటు వెళుతున్నారో లెక్కగడుతుంది. ఇప్పుడు ఒక చీలిక దగ్గర నిలబడ్డారనుకోండి. ఒక బాట వెదురు పొదల్లోకి, ఇంకోటి వాగులోకి దిగుతోంది. మ్యాప్‌లో మీ దారి ఎడమకు తిరగాలి. నిలబడి ఉన్నంతసేపూ తెర మీద బాణం ఎటో చూపిస్తుంది, లేదా మెల్లగా గిర్రున తిరుగుతుంది. ఎడమ అంటే ఎటు? ఏదో ఒక బాటలోకి కొంత దూరం నడిచి, బాణం కుదురుకున్నాక, తప్పైతే వెనక్కి రావాలి. లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉంటే కదలకుండానే సరైన దిక్కు చూపిస్తుంది. చీకటి పడుతుండగా, అలసిపోయి ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది. సెల్స్ మార్చినప్పుడల్లా దాన్ని ఒకసారి క్యాలిబ్రేట్ చేసుకోవాలి, అంటే దిక్కులు సరిగ్గా చూపేలా సరిచేసుకోవాలి, అర నిమిషం పని.

బారోమీటర్‌తో ఎత్తు కొలిచే సదుపాయం సాధారణంగా దిక్సూచితో పాటే వస్తుంది. జీపీఎస్ లెక్కలో ఎత్తు సాధారణంగా నేల మీది స్థానం కన్నా ఎక్కువ తప్పుతుంది. గాలి పీడనంతో కొలిస్తే నిలకడగా ఉంటుంది. వాతావరణం మారితే పీడనమూ మారుతుంది కాబట్టి ఎత్తు తెలిసిన చోట ఉదయాన్నే సరిచేసుకోవాలి. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరాలే 1,700 మీటర్ల లోపు. ఇక్కడ ఇది ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది. హిమాలయాలకు పనికొస్తుంది.

ఏ మోడల్?

మన దేశంలో సులువుగా దొరికేవి, విడిభాగాలూ సలహాలూ దొరికేవి గార్మిన్ కంపెనీ పరికరాలే. కాబట్టి పోలిక వాటి మధ్యే పెడుతున్నాను. ధరలు డాలర్లలో, విడుదలైనప్పటివి చెబుతున్నాను. ఇక్కడి ధర డీలర్‌ను బట్టి, దిగుమతి సుంకాన్ని బట్టి ఎక్కువే ఉంటుంది. ఒక మోడల్‌కూ ఇంకోదానికీ ఎంత తేడా ఉందో తెలియడానికి ఈ లెక్క చాలు.

అన్నిటికన్నా చౌక ఎట్రెక్స్ ఎస్ఈ. 2023లో 150 డాలర్లకు వచ్చింది. తెర నలుపు తెలుపు, రెండు ఏఏ సెల్స్‌తో 168 గంటల వరకు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. దిక్సూచి ఉంది. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుస్తుంది. పెద్ద లోటు ఏమిటంటే ఇందులో మ్యాప్ ఉండదు. ఖాళీ తెర మీద మీరు నడిచిన గీత, మీరు గుర్తుపెట్టిన బిందువులు కనిపిస్తాయి. ముందే సిద్ధం చేసుకున్న దారిని ఇందులోకి పంపి ఆ గీత పట్టుకుని పోవచ్చు. మ్యాప్ చూడాలంటే ఫోన్ తీయాలి. ఎప్పుడూ తెలిసిన బాటల్లోనే నడిచి, వచ్చిన దారిన తిరిగి వెళ్లగలిగితే చాలనుకునేవారికి ఇది మంచి ఎంపిక. కొత్త చోట్లకు వెళ్లేవారికి కాదు. గీత దాటి పక్కకు వెళ్లాల్సి వస్తే, ఆ పక్కన వాగుందో కొండచరియ ఉందో ఇది చెప్పలేదు.

ఎట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ అన్నవి 2019లో వచ్చిన జంట. చూడ్డానికి ఒకటే: 2.2 అంగుళాల రంగుల తెర, సెల్స్‌తో కలిపి 142 గ్రాముల బరువు, సుమారు 25 గంటల బ్యాటరీ, 8 జీబీ మెమరీ, మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే వీలు. విడుదలైనప్పుడు మొదటిది 200, రెండోది 300 డాలర్లు. ఆ వంద డాలర్ల తేడా ఎందుకంటే 32ఎక్స్‌లో దిక్సూచి, బారోమీటర్ ఉన్నాయి. పైన చీలిక దగ్గర చెప్పిందంతా చదివారు కదా, కాబట్టి నా సలహా మీకు తెలిసిపోయే ఉంటుంది. 22ఎక్స్ కొనాలనుకుంటే పక్కన ఒక మామూలు అయస్కాంత దిక్సూచి పెట్టుకోండి, అది వాడడం నేర్చుకోండి. అప్పుడది 32ఎక్స్‌కు దాదాపు సమానమే, డబ్బూ మిగులుతుంది. రెండింటికీ ఉన్న లోపాలు కూడా చెప్పాలి. మ్యాప్ కదిపేది ఒక చిన్న పుల్లలాంటి జాయ్‌స్టిక్, దానికి అలవాటు పడటానికి వారం పడుతుంది. బ్లూటూత్ లేదు, కాబట్టి దారుల ఫైళ్లు కంప్యూటర్ నుంచే ఎక్కించాలి. ఆ కేబుల్ కూడా ఇప్పటి ఫోన్లకు వాడేది కాదు, పాత మినీ యూఎస్‌బీ. కేబుల్ పోగొట్టుకోకండి.

జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ ఇంకో మెట్టు పైది. 2020లో 400 డాలర్లకు వచ్చింది. 2.6 అంగుళాల తెర, ముందువైపే బటన్లు, చేతి తొడుగులతో కూడా నొక్కొచ్చు. ఏఏ సెల్స్ రెండే, కానీ 16 గంటలే వస్తాయి. దీని అసలు బలం మల్టీ బ్యాండ్. ఉపగ్రహం పంపే సంకేతం లోయలో నేరుగా రాకుండా రాతి గోడలకు తగిలి తిరిగి వస్తే, ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కేసి జీపీఎస్ మిమ్మల్ని పక్క కొండ మీద చూపిస్తుంది. ఎల్1 అనే మామూలు పౌనఃపున్యంతో పాటు ఎల్5 అనే రెండోదాన్ని కూడా వినే ఇలాంటి పరికరం ఈ పొరపాటును బాగా తగ్గిస్తుంది. నాగలాపురం కొండల్లో వాగు వెంట నడిచేవాళ్లకూ, తలకోన చుట్టుపక్కల నిటారు గోడల మధ్య దిగేవాళ్లకూ ఇది నిజంగా ఉపయోగపడుతుంది. బోర్రా, అరకు వైపు గుండ్రటి కొండల మీద నడిచేవాళ్లకు పెద్దగా తేడా తెలియదు. పేరు చివర ‘ఎస్’ లేని 65లో దిక్సూచి, బారోమీటర్ ఉండవు, ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూసుకోండి.

జీపీఎస్‌మ్యాప్ 67 గురించి క్లుప్తంగా చెబుతాను. 2023లో 500 డాలర్లకు వచ్చింది, 3 అంగుళాల తెర, లోపలి బ్యాటరీతో 180 గంటల వరకు. గొప్ప పరికరం. వారం పది రోజుల నడకలు చేసేవారికి, అటవీ సర్వేలు చేసేవారికి సరైనది. మొదటిసారి కొనేవారు ఇంత ఖర్చు పెట్టనక్కర్లేదు.

నా దగ్గరికి ఎవరైనా వచ్చి ఒకే ఒక్కటి చెప్పమంటే 32ఎక్స్ అంటాను. లోయల్లో ఎక్కువగా తిరుగుతామంటే 65ఎస్.

పేరు చివర ‘ఐ’ ఉంటే జాగ్రత్త

అమెరికాలో ఉన్న అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు, అక్కడైతే చౌక కదా, తెప్పించుకుందామని అందరం అనుకుంటాం. తెప్పించుకోవచ్చు, కానీ ఒక్క విషయం ఆయనకు ముందే చెప్పాలి. గార్మిన్‌లో 66ఐ, 67ఐ, మోంటానా 700ఐ లాంటి మోడళ్లు, ఇన్‌రీచ్ మినీ లాంటి చిన్న పరికరాలు ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు, ఎస్ఓఎస్ పంపగలవు. మన దేశంలో టెలికాం శాఖ లైసెన్సు లేకుండా అలాంటివి దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. వాడకపోయినా సరే. 2024 డిసెంబర్‌లో గోవా విమానాశ్రయంలో ఇన్‌రీచ్‌తో దొరికిన విదేశీ యాత్రికురాలిని అదుపులోకి తీసుకున్నారు. బ్యాగులో అడుగున మరిచిపోయి తెచ్చినా టెన్షన్ తప్పదు. అమెరికాలో యోసెమిటీకో రాకీ పర్వతాలకో వెళ్లే మనవాళ్లకు అక్కడ అవి ప్రాణరక్షణ పరికరాలు, తప్పక కొనుక్కోవాలి. ఇండియా టికెట్ బుక్ చేసుకున్నాక మాత్రం వాటిని అక్కడే వదిలి రావాలి.

పైన చెప్పిన 22ఎక్స్, 32ఎక్స్, 65ఎస్, ఎస్ఈ, 67 సంకేతాలు వినేవే కానీ ఉపగ్రహానికి ఏమీ పంపవు. అయినా విమానాశ్రయంలో తనిఖీ చేసేవారికి ఆ తేడా తెలియకపోవచ్చు. బిల్లు, ఆ మోడల్ వివరాల పేజీ ఫోన్‌లో సేవ్ చేసి ఉంచుకోండి. సరిహద్దు జిల్లాల్లో నడిచేటట్టయితే పర్మిట్ ఇచ్చే కార్యాలయంలోనే జీపీఎస్ గురించి అడిగేయడం మంచిది. మన దగ్గర అమ్రాబాద్, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో జీపీఎస్ ఉన్నా లేకపోయినా అటవీశాఖ అనుమతి లేనిదే బాట దిగకూడదు.

అమెరికా నుంచి తెచ్చుకుంటే ఇంకో రెండు చిక్కులు. అందులో ఉత్తర అమెరికా మ్యాపే ఉంటుంది, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. మ్యాప్ సమస్యకు మందుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ సమాచారంతో గార్మిన్‌కు సరిపోయేలా తయారుచేసిన ఉచిత మ్యాప్ ఫైళ్లు దొరుకుతాయి, ఎత్తులు చూపే గీతలతో సహా. మైక్రో ఎస్‌డీ కార్డులో గార్మిన్ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేస్తే చాలు. ఎట్రెక్స్ జంటకు 32 జీబీ లోపు కార్డు వాడండి.

కొన్నాక మొదటి వారం

సెట్టింగ్స్‌లో సెల్స్ రకం అనే ఆప్షన్ ఉంటుంది. రీచార్జబుల్ వేసి ఆల్కలైన్ అని వదిలేస్తే బ్యాటరీ గుర్తు అబద్ధం చెబుతుంది, ఎందుకంటే రెండింటి వోల్టేజీ వేరు. తర్వాత కొత్త ఊరికి తీసుకెళ్లినప్పుడు, చాలా నెలల తర్వాత ఆన్ చేసినప్పుడు వెంటనే లొకేషన్ రాదు. ఉపగ్రహాల పట్టిక మొత్తం దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. బస్సులోంచి దిగగానే ఆన్ చేసి, ఆకాశం కనపడే చోట కదలకుండా పెట్టి, టీ తాగి రండి. నడక మొదలుపెట్టే ముందు బండి ఆపిన చోటును మార్క్ చేయడం అలవాటు చేసుకోండి, ట్రాక్ రికార్డింగ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ల (కొండలు, వాగులు చూపే కాగితం మ్యాపుల) నుంచి అక్షాంశ రేఖాంశాలు తీసి ఎక్కించేవారు డేటమ్, అంటే ఆ అంకెలు ఏ కొలత ఆధారంగా లెక్కగట్టారో, చూసుకోవాలి. ఆ షీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద గీసినవి, జీపీఎస్ మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 మీద నడుస్తుంది. మార్చకుండా ఎక్కిస్తే వంద మీటర్లకు మించి తేడా రావచ్చు. దట్టమైన అడవిలో ఆ తేడా చాలు, నీటి చెలమ పక్క నుంచే వెళ్లిపోతాం, కనపడదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు తెర మీద గీతల గురించి బెంగపడొద్దు. సెల్స్ మూత తీసి లోపలి స్ప్రింగుల మీద ఆకుపచ్చ చిలుం ఉందేమో చూడండి. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ వేలితో నొక్కితే వదులుగా కదిలితే నీరు దిగే అవకాశం ఉంది. యూఎస్‌బీ రంధ్రం మీది మూత గట్టిగా పడుతోందా చూడండి. ఆ తర్వాత బయటికి తీసుకొచ్చి ఆన్ చేయండి. పావుగంటలో లొకేషన్ పట్టి, నాలుగు వైపులా నడిచి వస్తే గీత సరిగ్గా బయల్దేరిన చోటుకు చేరుతుంటే, బేరం మొదలుపెట్టొచ్చు.